భిన్నాలు, నిష్పత్తుల లెక్కలు మాటల్లో ఇస్తే ఎలా చేయాలి?

ఏడో తరగతి చదివే పిల్లకి 2/3 × 3/4 ఇవ్వండి, గబగబా చేసేస్తుంది. అదే లెక్కని "జీతంలో మూడో వంతు అద్దెకి పోయింది, మిగిలిన దానిలో నాలుగో వంతు ఫీజులకి పోయింది" అని మాటల్లో ఇవ్వండి, పెన్సిల్ ఆగిపోతుంది. గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి ప్రిపేర్ అయ్యే పెద్దవాళ్ళకీ ఇదే టెన్షన్. వాళ్ళకి క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే ఎల్‌సీఎం) కట్టడం వచ్చు, కొట్టివేతలు వచ్చు. చిక్కంతా మాటల్లోంచి అంకెల్లోకి వచ్చే ఆ రెండు నిమిషాల్లోనే.

ఆ రెండు నిమిషాల్లో ఏం చేయాలో వరసగా చెబుతాను. పిల్లలకి లెక్కలు చెప్పే అమ్మానాన్నలకైనా, సొంతంగా చదువుకునేవాళ్ళకైనా పనికొస్తుంది. ఒక తెల్ల కాగితం, పెన్సిల్ పక్కన పెట్టుకుని ప్రతి లెక్కా నాతోపాటు చేస్తూ చదవండి. ఊరికే చదివితే అర్థమైనట్టే ఉంటుంది, చేతికి మాత్రం రాదు.

అడిగిందేమిటో ముందు రాసుకోండి

లెక్కని చివరి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టండి. అడిగేది సాధారణంగా అక్కడే ఉంటుంది: "మొత్తం జీతమెంత?", "ఇంకా ఎన్ని లీటర్లు కలపాలి?", "చిన్నవాడి వాటా ఎంత?" దాన్ని కాగితం మీద ఒక మూల రాయండి. రూపాయల్లో కావాలా, లీటర్లలోనా, గుంటల్లోనా అన్నది కూడా పక్కనే రాయండి.

ఇంత చిన్న పని ఎందుకంటే, లెక్కంతా సరిగ్గా చేసుకొచ్చి ఒక్క మెట్టు ముందే ఆగిపోయేవాళ్ళు చాలామంది. "ఇంకా ఎన్ని లీటర్ల నీళ్ళు కలపాలి" అని అడిగితే "ఇప్పుడు నీళ్ళు 15 లీటర్లు ఉండాలి" అన్నంతవరకు వచ్చి, ఆప్షన్లలో 15 కనబడగానే టిక్ పెట్టేస్తారు. పేపరు తయారుచేసేవాళ్ళు ఆ 15ని అక్కడ పెట్టింది అందుకే.

తర్వాత మొదటికి వచ్చి ఒక్కో వాక్యం చదివి ఆగండి. మొత్తం ఒకేసారి చదివి, కనబడ్డ అంకెలన్నీ పోగేసి, కూడాలా గుణించాలా అని ఆలోచించకండి. ఒక వాక్యం చదవడం, అది చెప్పింది కాగితం మీద పెట్టడం, తర్వాతి వాక్యానికి వెళ్ళడం. అంతే.

వంతు కనబడితే "దేనిలో?" అని అడగండి

భిన్నాల లెక్కలన్నిటికీ ప్రాణం ఇదే. 1/4 అనే అంకెకి ఒంటరిగా విలువ లేదు. ఎకరంలో నాలుగో వంతు వేరు, గుంటలో నాలుగో వంతు వేరు. లెక్కలో ఎక్కడ భిన్నం కనబడినా అది దేనిలో వంతో పక్కన పెన్సిల్‌తో రాయాలి. రాయకుండా ముందుకి వెళ్ళకూడదు. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగానికి సగం తప్పులు పోతాయని నా నమ్మకం.

పైన చెప్పిన జీతం లెక్కే తీసుకుందాం.

ఒక ఉద్యోగి తన జీతంలో 1/3 వంతు ఇంటద్దెకి, మిగిలిన దానిలో 1/4 వంతు పిల్లల ఫీజులకి ఖర్చు పెట్టాడు. ఇంకా 15,000 రూపాయలు మిగిలాయి. జీతమెంత?

తొందరపడేవాళ్ళు 1/3 + 1/4 = 7/12 అని కూడేస్తారు. మిగిలింది 5/12. అది 15,000 అయితే ఒక్క పన్నెండో వంతు 3,000, జీతం 36,000. చక్కగా నిశ్శేషంగా వచ్చేసింది కదా, ఇంక అనుమానమే రాదు. కానీ తప్పు. 36,000లో అద్దె 12,000 పోతే 24,000 ఉంటుంది. అందులో నాలుగో వంతు 6,000 ఫీజులకి పోతే మిగిలేది 18,000. లెక్కలో ఇచ్చింది 15,000. నిశ్శేషంగా వచ్చినంత మాత్రాన జవాబు సరైనదని కాదు.

ఇప్పుడు "దేనిలో" రాసుకుని చేద్దాం. 1/3 పక్కన "జీతంలో" అని రాయండి. 1/4 పక్కన "అద్దె పోగా మిగిలిన దానిలో" అని రాయండి. రెండూ వేర్వేరు వాటిలో వంతులు. కాబట్టి వాటిని నేరుగా కూడకూడదు.

కాగితం మీద అడ్డంగా పొడవాటి పట్టీ ఒకటి గీయండి. అదే జీతం. దాన్ని మూడు సమాన గళ్ళు చేయండి. ఒక గడిలో "అద్దె" అని రాయండి. మిగిలినవి రెండు గళ్ళు. రెండో వాక్యం ఈ రెండు గళ్ళని నాలుగు సమాన భాగాలు చేయమంటోంది, అంటే ఒక్కో గడినీ సగానికి చీల్చాలి. చీల్చాక అందులో ఒక ముక్క ఫీజులు. అద్దె గడిని కూడా సగానికి చీలిస్తే పట్టీలో అన్నీ సమానమైన ఆరు ముక్కలవుతాయి: అద్దె 2, ఫీజులు 1, మిగిలినవి 3. ఆ 3 ముక్కలు 15,000. ఒక ముక్క 5,000. ఆరు ముక్కలు 30,000.

సరిచూద్దాం. 30,000లో అద్దె 10,000. మిగిలింది 20,000. అందులో నాలుగో వంతు 5,000. మిగిలింది 15,000. సరిపోయింది.

పరీక్షలో పట్టీ గీసే టైమ్ లేకపోతే ఇదే పనిని ఒక్క వరసలో చేయొచ్చు. 1/3 పోతే 2/3 మిగులుతుంది. అందులో 1/4 పోతే 3/4 మిగులుతుంది. కాబట్టి చివరికి మిగిలింది 2/3 × 3/4 = 1/2. జీతంలో సగం 15,000. పోయిన వంతుల వెంట పడకుండా మిగిలిన వంతులని గుణించుకుంటూ వెళ్ళడం ఇలాంటి లెక్కల్లో అన్నిటికన్నా దగ్గరి దారి. అయితే పిల్లలకి మాత్రం ముందు పట్టీయే నేర్పండి. ఎందుకు గుణిస్తున్నామో పట్టీలో కంటికి కనబడుతుంది. అది కనబడకుండా గుణకారం నేర్పితే కూడాల్సిన చోట కూడా గుణించేస్తారు.

కూడాల్సిన చోటు ఎలా ఉంటుందో చూడాలంటే క్రీ.శ. 1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలోని తుమ్మెదల లెక్క చూడండి. గుంపులో 1/5 వంతు కడిమి పువ్వు మీదికి వెళ్ళాయి, 1/3 వంతు మరో పువ్వు మీదికి వెళ్ళాయి, ఆ రెండింటి తేడాకి మూడు రెట్లు ఇంకో పువ్వు మీదికి వెళ్ళాయి. ఒక్క తుమ్మెద మాత్రం ఎటు వెళ్ళాలో తేల్చుకోలేక గాల్లోనే తిరుగుతోంది. మొత్తం ఎన్ని?

"దేనిలో" అని అడగండి. 1/5 గుంపులో, 1/3 కూడా గుంపులోనే. రెండూ ఒకే దానిలో వంతులు కాబట్టి ఇక్కడ కూడవచ్చు, తీసివేయవచ్చు. పదిహేనో వంతుల్లోకి మారిస్తే 3/15, 5/15. తేడా 2/15, దానికి మూడు రెట్లు 6/15. అన్నీ కలిపితే 14/15. ఆ మిగిలిన ఒక్క తుమ్మెదే 1/15 వంతు. మొత్తం 15.

మొత్తం తెలియకపోతే ఒకటి అనుకోండి

ఇదే తుమ్మెదల లెక్కని ఇంకో రకంగా చేయొచ్చు. 5 తోనూ 3 తోనూ భాగించగలిగే సంఖ్య ఏదైనా, ఉదాహరణకి 30, మొత్తం అనుకోండి. 1/5 వంతు 6, 1/3 వంతు 10, తేడా 4కి మూడు రెట్లు 12. కలిపితే 28, మిగిలింది 2. కానీ లెక్కలో మిగిలింది 1. మనం రెండు రెట్లు ఎక్కువ అనుకున్నాం, కాబట్టి 30లో సగం, 15. లీలావతిలో ఈ పద్ధతికి ఇష్టకర్మ అని పేరు. మన ఇష్టమొచ్చిన సంఖ్యతో మొదలుపెడతాం కదా.

భిన్నాలంటే భయపడే పిల్లలకి ఇది చాలా ధైర్యమిస్తుంది. ఎక్స్ అనుకోమంటే బిక్కమొహం వేసే పిల్లలు కూడా 30 అనుకోమంటే హాయిగా చేస్తారు. వంతులన్నీ మొత్తంలోనివే అయినప్పుడు, అనుకునే సంఖ్య హారాల క.సా.గు. అయితే మధ్యలో భిన్నాలు రానే రావు.

ఒక్క జాగ్రత్త. లెక్కలో వంతులతో పాటు విడి సంఖ్యలు కూడా వస్తే ("సగం అమ్మి, పైన ఇంకో 5 అమ్మింది" లాంటివి) ఈ పద్ధతి పనిచేయదు. మొత్తం రెట్టింపయినా ఆ 5 రెట్టింపు కాదు. అప్పుడు వెనక నుంచి రావాలి.

ఒకావిడ బుట్టలోని మామిడిపళ్ళలో సగం, పైన ఇంకో 5 మొదటి ఆయనకి అమ్మింది. మిగిలిన వాటిలో సగం, పైన ఇంకో 5 రెండో ఆయనకి అమ్మింది. బుట్టలో 10 మిగిలాయి. మొదట ఎన్ని?

చివర ఉన్నవి 10. రెండో ఆయనకి పైన ఇచ్చిన 5 వెనక్కి వేస్తే 15. అది సగం, కాబట్టి ఆయన రాకముందు 30. మొదటి ఆయనకి పైన ఇచ్చిన 5 వెనక్కి వేస్తే 35. అదీ సగమే. మొదట 70. ముందు నుంచి సరిచూడండి: 70లో 35, ఇంకో 5 పోతే 30. 30లో 15, ఇంకో 5 పోతే 10. ఇక్కడ క్రమం ముఖ్యం. ఆవిడ ముందు సగం అమ్మి తర్వాత 5 అమ్మింది, కాబట్టి వెనక్కి వచ్చేటప్పుడు ముందు 5 కలిపి, తర్వాత రెట్టింపు చేయాలి.

"వంతు ఎక్కువ", "వంతు తక్కువ"

ఉల్లిపాయల ధర 1/10 వంతు పెరిగి, మళ్ళీ 1/10 వంతు తగ్గితే పాత ధరకే వచ్చిందా? రాలేదు. కిలో 40 రూపాయలు ఉంటే 4 పెరిగి 44 అయింది. తగ్గింది 44లో పదో వంతు, 4.40. ఇప్పుడు ధర 39.60. రెండూ 1/10 వంతులే, కానీ మొదటిది 40లో, రెండోది 44లో.

అక్క దగ్గర తమ్ముడి కంటే 1/4 వంతు డబ్బు ఎక్కువ ఉందంటే, తమ్ముడి దగ్గర అక్క కంటే 1/4 వంతు తక్కువ ఉన్నట్టు కాదు. "కంటే" ఎవరి పక్కన ఉందో వాళ్ళే మొత్తం. తమ్ముడివి 4 భాగాలు అనుకుంటే అక్కవి 5. అక్క వైపు నుంచి చూస్తే తమ్ముడికి 5లో 1 తక్కువ, అంటే 1/5. పోటీ పరీక్షల్లో ఇది శాతాల రూపంలో తరచు వస్తుంది: 25 శాతం ఎక్కువ, 20 శాతం తక్కువ. సూత్రం బట్టీ పట్టక్కర్లేదు, 4, 5 గళ్ళు గీసుకుంటే చాలు.

నిష్పత్తి అంటే భాగాలు. ఒక భాగం విలువ పట్టుకోండి

ఇడ్లీకి ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ పోస్తాం. నిష్పత్తి 1 : 2. మరి మొత్తంలో పప్పు ఎంత వంతు? "1/2" అనే జవాబే ఎక్కువ వినిపిస్తుంది. పప్పు 1, రవ్వ 2, కలిపి 3 భాగాలు. పప్పు మొత్తంలో 1/3 వంతు. 1/2 అన్నది రవ్వతో పోలిస్తే పప్పు ఎంత అన్నదానికి జవాబు. ఇక్కడ కూడా అదే ప్రశ్న: దేనిలో?

నిష్పత్తి కనబడగానే మొదట ఏ పేరు ఉందో, తర్వాత ఏ పేరు ఉందో అదే వరసలో అంకెల మీద రాయండి. తర్వాత లెక్కలో ఇచ్చిన సంఖ్య ఎన్ని భాగాలకి చెందిందో చూడండి. ఇద్దరి వాటాలు 3 : 5 అనుకుందాం. "ఇద్దరికీ కలిపి 40,000" అంటే అది 8 భాగాలు, ఒక భాగం 5,000. "మొదటివాడికి 24,000 వచ్చింది" అంటే అది 3 భాగాలు, ఒక భాగం 8,000. "రెండోవాడికి 10,000 ఎక్కువ వచ్చింది" అంటే అది 2 భాగాలు, ఒక భాగం 5,000. అంకె దేని పక్కన ఉందో చూడకుండా ప్రతిసారీ 8తో భాగించడమే ఇక్కడ అందరూ చేసే పొరపాటు.

నిష్పత్తిలో పంచే ముందు కొలతలన్నీ ఒకే యూనిట్‌లోకి రావాలి. పొలం లెక్కల్లో ఇది మరీ ముఖ్యం. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు. ఎక్కడైనా ఎకరం 4,840 చదరపు గజాలే, కాబట్టి గుంట 121 గజాలు, సెంటు 48.4 గజాలు. ఇప్పుడు కాగితం మీద 2.20 అని ఉందనుకోండి. ఆంధ్రలో అది 2 ఎకరాల 20 సెంట్లు, దశాంశ లెక్కలో కూడా అచ్చంగా 2.2 ఎకరాలే. తెలంగాణలో అలా రాస్తే 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. అదే రాత, విలువ వేరు.

ఆ తెలంగాణ పొలాన్ని అన్నదమ్ములు 2 : 3 నిష్పత్తిలో పంచుకోవాలంటే మొత్తాన్ని గుంటల్లోకి మార్చాలి: 80 + 20 = 100 గుంటలు. 5 భాగాలు, ఒక భాగం 20. ఒకరికి 40 గుంటలు, అంటే ఎకరం. ఇంకొకరికి 60 గుంటలు, అంటే ఎకరం 20 గుంటలు. కాల్‌క్యులేటర్‌లో 2.20ని 5తో భాగించి ఉంటే 0.44 వచ్చి, ఏం చేయాలో తెలియక కూర్చునేవాళ్ళం.

నిష్పత్తిలోనే భిన్నం ఉంటే ముందు దాన్ని పోగొట్టండి. ఎం-20 రకం కాంక్రీటుకి సిమెంటు, ఇసుక, కంకర 1 : 1½ : 3 అంటారు. అన్నిటినీ 2తో గుణిస్తే 2 : 3 : 6, మొత్తం 11 భాగాలు. 22 తట్టల సరుకు కావాలంటే సిమెంటు 4, ఇసుక 6, కంకర 12 తట్టలు. (నిజంగా కలిపినప్పుడు 22 తట్టల కాంక్రీటు రాదు. కంకర మధ్య సందుల్లోకి ఇసుక, సిమెంటు దిగి పరిమాణం తగ్గిపోతుంది. పుస్తకం లెక్కల్లో దాన్ని పట్టించుకోరు, ఇల్లు కట్టేటప్పుడు మాత్రం పట్టించుకోవాలి.)

అలాగే 39,000 రూపాయలని 1/2 : 1/3 : 1/4 నిష్పత్తిలో ముగ్గురికి పంచమంటే మొదటివాడికి సగం, 19,500 ఇచ్చేయకండి. 1/2, 1/3, 1/4 కలిపితే 13/12 వస్తుంది, ఒకటి దాటిపోయింది. అవి మొత్తంలో వంతులు అయ్యే అవకాశమే లేదు. హారాల క.సా.గు. 12తో గుణిస్తే 6 : 4 : 3. మొత్తం 13 భాగాలు, ఒకటి 3,000. వాటాలు 18,000, 12,000, 9,000.

నిష్పత్తి మారిందా? మారనిదేదో వెతకండి

నిష్పత్తి లెక్కల్లో బాగా కష్టపెట్టేవి ఇవే: మొదట ఒక నిష్పత్తి ఉంటుంది, ఏదో కలుపుతారు లేదా తీస్తారు, ఇంకో నిష్పత్తి వస్తుంది. ఎక్స్ పెట్టి సమీకరణం రాస్తే జవాబు వస్తుంది, కాదనను. కానీ "ఇందులో ఏది మారలేదు?" అని అడిగితే లెక్క తనంతట తానే విడిపోతుంది.

40 లీటర్ల మిశ్రమంలో పాలు, నీళ్ళు 3 : 1. ఇంకా ఎన్ని నీళ్ళు కలిపితే 2 : 1 అవుతుంది? మొదట పాలు 30, నీళ్ళు 10. నీళ్ళు కలిపాం, పాలు మారలేదు. కొత్త నిష్పత్తిలో పాలు 2 భాగాలు, అవే 30 లీటర్లు. ఒక భాగం 15, కాబట్టి నీళ్ళు 15 ఉండాలి. 10 ఉన్నాయి, ఇంకా 5 కలపాలి. మొదట్లో చెప్పిన 15 ఇదే. కాగితం మూల రాసుకున్న ప్రశ్న చూసుకుంటే ఆ వల్లో పడరు.

బంగారం లెక్కలూ ఇలాంటివే. 24 క్యారెట్లంటే మేలిమి. 22 క్యారెట్లంటే 24 భాగాల్లో 22 బంగారం, అంటే 11/12 వంతు. నగ మీద 916 అని ఉండేది ఇదే: వెయ్యి భాగాల్లో సుమారు 916 బంగారం. 18 క్యారెట్లంటే 3/4 వంతు, అందుకే 750. ఇప్పుడు 36 గ్రాముల 22 క్యారెట్ల బంగారాన్ని కరిగించి రాగి కలిపి 18 క్యారెట్లు చేయాలంటే ఎంత రాగి? మారనిది బంగారం: 36లో 11/12 వంతు, 33 గ్రాములు. ఆ 33 గ్రాములే కొత్త మొత్తంలో 3/4 వంతు కావాలి. ఒక నాలుగో వంతు 11, మొత్తం 44. కలపాల్సిన రాగి 8 గ్రాములు.

వయసుల లెక్కల్లో ఇద్దరి వయసులూ మారతాయి. మారనిది వాళ్ళ మధ్య తేడా. తండ్రీకొడుకుల వయసుల నిష్పత్తి ఇప్పుడు 4 : 1, 6 ఏళ్ళ తర్వాత 3 : 1. ఇప్పుడు తేడా 3 భాగాలు, తర్వాత తేడా 2 భాగాలు. నిజానికి తేడా ఒక్కటే కాబట్టి రెండింటినీ 6 భాగాలు చేద్దాం. 4 : 1ని 2తో గుణిస్తే 8 : 2. 3 : 1ని 3తో గుణిస్తే 9 : 3. ఇప్పుడు రెండు చోట్లా భాగం ఒకే కొలత. తండ్రి 8 నుంచి 9కి, కొడుకు 2 నుంచి 3కి వెళ్ళారు. అంటే ఒక భాగం 6 ఏళ్ళు. తండ్రి 48, కొడుకు 12. ఆరేళ్ళకి 54, 18, నిష్పత్తి 3 : 1. పిల్లలకి ఈ లెక్క ఇలా చేసి చూపించినప్పుడు వాళ్ళ మొహాలు చూడండి, మీకే ఉత్సాహం వస్తుంది.

ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి ఇచ్చే లెక్కల్లో మారనిది మొత్తం. ఇద్దరి దగ్గర గోలీలు 5 : 3. మొదటివాడు 4 ఇచ్చేస్తే సమానమయ్యాయి. మొత్తం 8 భాగాలు, సమానమంటే చెరి 4. మొదటివాడి 5 భాగాలు 4 అయ్యాయి, పోయిన భాగం 4 గోలీలు. మొత్తం 32.

పెరిగితే తగ్గేవి

లీటరు నీటికి 2 మి.లీ. పురుగుమందు అయితే 16 లీటర్ల ట్యాంకుకి 32 మి.లీ. నీళ్ళు పెరిగితే మందూ పెరుగుతుంది, ఇది అనులోమానుపాతం. మనుషులు, రోజుల లెక్క అలా కాదు. మనుషులు తగ్గితే రోజులు పెరుగుతాయి, ఇది విలోమానుపాతం. అంకెలు వేసే ముందే జవాబు పెరగాలా తగ్గాలా అని మనసులో అనుకోండి.

12 మంది కూలీలు ఒక పనిలో 2/3 వంతు 10 రోజుల్లో చేశారు. తర్వాత 8 మంది వెళ్ళిపోయారు. మిగిలిన పనికి ఎన్ని రోజులు? ఇక్కడ మనుషులని, రోజులని గుణించి "కూలి రోజులు" అనుకుంటే తేలిక. 2/3 వంతుకి 120 కూలి రోజులు పట్టాయి. 1/3 వంతుకి 60. ఇప్పుడున్నది 4 మంది. 60 ÷ 4 = 15 రోజులు. "8 మంది వెళ్ళిపోయారు" అన్నదాన్ని "8 మంది ఉన్నారు" అని చదివేస్తే ఏడున్నర రోజులొస్తుంది. వాక్యం వాక్యానికీ ఆగమన్నది ఇందుకే.

మీరే చేయండి

కింద నాలుగు లెక్కలిస్తున్నాను. ఒక్కోదానికీ ముందు పట్టీ గీయండి, జవాబు వచ్చాక దాన్ని లెక్కలోని మాటల్లోనే పెట్టి మొదటి నుంచి సరిచూడండి. మీ సమీకరణంలో పెట్టి చూస్తే సరిపోదు. సమీకరణమే తప్పు రాసి ఉంటే అందులో తప్పు జవాబు కూడా సరిపోతుంది.

1. ట్యాంకులో 2/5 వంతు నీళ్ళున్నాయి. 350 లీటర్లు పోస్తే 3/4 వంతు నిండింది. ట్యాంకులో మొత్తం ఎన్ని లీటర్లు పడతాయి?

2. ఒక పుస్తకంలో మొదటి రోజు 1/4 వంతు, రెండో రోజు మిగిలిన దానిలో 2/3 వంతు చదివితే ఇంకా 40 పేజీలు మిగిలాయి. మొత్తం ఎన్ని పేజీలు?

3. ఒక స్కూల్లో అబ్బాయిలు, అమ్మాయిలు 4 : 5. కొత్తగా 6 మంది అబ్బాయిలు చేరితే 7 : 8 అయింది. అమ్మాయిలెంతమంది?

4. ఎకరం 30 గుంటల పొలాన్ని 3 : 4 నిష్పత్తిలో పంచితే ఎవరికెంత?

జవాబులు: మొదటిది 1,000 లీటర్లు. రెండు వంతులూ ట్యాంకులోనివే కాబట్టి 3/4లోంచి 2/5 నేరుగా తీసేయవచ్చు. తేడా 7/20, అదే 350 లీటర్లు. రెండోది 160 పేజీలు. మీకు 480 వచ్చి ఉంటే 2/3 పక్కన "దేనిలో" రాయలేదన్నమాట, మళ్ళీ చేయండి. మూడోది 80 మంది. మారనిది అమ్మాయిల సంఖ్య, కాబట్టి 5నీ 8నీ 40 చేసి చూడండి: 32 : 40, తర్వాత 35 : 40. పెరిగిన 3 భాగాలు 6 మంది అబ్బాయిలు. నాలుగోది ఒకరికి 30 గుంటలు, ఇంకొకరికి 40 గుంటలు, అంటే సరిగ్గా ఎకరం.